టీకా ఖాలమ్మ కాపలా కాసిన రెండేళ్ళు

మా ఎదురింటి టీకా ఖాలమ్మ పోయింది. శుక్రవారం తెల్లవారి నేను లేఖనాలు తెరిచి కూర్చున్న వేళకు ఆమె అక్క కొడుకు, పరుపులు కుట్టే అతను, వచ్చి మా గేటు బయట నిలబడ్డాడు. "పాస్టరప్పా, ఖాలా పోయింది. నిద్రలోనే. చెయ్యి తలకింద పెట్టుకోని పండుకున్నట్టే ఉండాది," అన్నాడు. లోపలికి రమ్మన్నాను. రాలేదు. మా గేటు దగ్గర ఆగిపోవడం ఈ వీధికంతా ఆమె నేర్పిన అలవాటు. నేర్పిన మనిషి పోయినా అలవాటు ఇంకా నిలబడే ఉంది.

నా గొంతు మీలో చాలామంది విన్నదే. చిత్తూరు బస్టాండు పక్కన చెక్కపెట్టె ఎక్కి, బస్సుల హారన్ల కంటే గట్టిగా అరిచే గొంతు అది. నేను పాస్టర్ని కాను. కుట్టుమిషన్లు రిపేరు చేసుకునేవాణ్ణి. బడికి పోయింది తక్కువ. వాక్యాన్ని కూడబలుక్కుంటూనే అక్షరాలు నేర్చుకున్నాను. ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఖాలమ్మ నన్ను పాస్టరప్పా అనే పిలిచేది. "అంత అరుపు అరిచేవాణ్ణి ఇంగేమని పిలవాల్నబ్బా?" అనేది. ఆ అరుపు ఇవాళ నాకు రావడం లేదు. నెమ్మదిగా చెప్తాను, నెమ్మదిగానే చదవండి.

ఖాలా అంటే ముస్లింల ఇళ్ళలో పిన్నమ్మ. వీధి దానికి ఇంకో అమ్మను తగిలించి ఖాలమ్మ అనేసింది. మునిసిపాలిటీలో టీకాలు వేసే ఉద్యోగం కాబట్టి టీకా ఖాలమ్మ అయింది. మనిషి ఎదురైతే మొహం కంటే ముందు భుజం చూసేది. చొక్కా చేతిని రెండు వేళ్ళతో పైకి జరిపి, చర్మం మీద నాణెమంత మచ్చ కనబడితే, "ఇది నేను వేసిందే," అనేది, ముగ్గు వేసిన మనిషి తన ముగ్గును గుర్తుపట్టినట్టు. నా భుజం మీది మచ్చ కూడా ఆమెదే. పాము నాలుకలాగా రెండు మొనలున్న ఆ పాత సూదిని ఆమె పారేయలేదు. చిన్న రేకుడబ్బాలో దూది పరిచి, బంగారు ముక్కుపుడకను దాచుకున్నట్టు దాచుకుంది.

మశూచి తిరిగిన రోజుల్లో ఆమె పల్లె పల్లెకూ నడిచిపోయేది. ఆ ముచ్చట్లు చెప్తుంటే ఆమె కళ్ళు ఎక్కడికో పోయేవి. మట్టిదారులు, పొగమంచు, దూరంగా కుక్క మొరుగుడు, భుజానికి సంచి. "ఎవురింట్లో ఉండాదని అడిగితే ఎవురూ చెప్పరప్పా. అమ్మ పోసిందంటే బిడ్డను గాదె వెనకాల దాస్తారు. బిడ్డనైతే దాస్తారు గానీ వేపమండను దాయలేరు గదా? వాకిట్లో మండ యాడ కనబడితే ఆడికి పోయేదాన్ని. నాకు అదే దారి చూపించేది."

ఆమెకు ఒక మాట ఉండేది. సూది వేయించుకోనని మొరాయించే ప్రతి మనిషికీ అదే చెప్పేది: "మనిషి మరిచిపోతాడు నాయనా, ఒళ్ళు మరిచిపోదు." అంటే ఏమిటని ఒకసారి అడిగాను. జబ్బు ఒకసారి వచ్చిపోయినా, టీకా వేసినా, ఒళ్ళు ఆ జబ్బు మొహాన్ని చూసి పెట్టుకుంటుందట. ఇరవై ఏళ్ళ తరువాత అదే దొంగ మళ్ళీ వాకిట్లోకి వస్తే గుర్తుపట్టి అక్కడే నిలేస్తుందట. ఆ మాట నాకు బాగా నచ్చి నా ప్రసంగాల్లో కూడా వాడుకున్నాను. ఆమె పేరు చెప్పలేదు. అది నా తప్పుల్లో చిన్నది.

పెద్దది ఇప్పుడు చెప్తాను.

నా చిన్నకూతురికి పదేళ్ళప్పుడు ఒంటి మీద నేరేడుపళ్ళు పిండినట్టు మచ్చలు లేచాయి. పళ్ళు తోముకుంటే నోటి నిండా నెత్తురు. ఎముకల్లోని మూలుగ ఎండిపోయిందనీ, రక్తం పుట్టడం ఆగిపోయిందనీ చెప్పారు. తమిళ సరిహద్దు దాటితే ఒక పెద్దాసుపత్రి. అక్కడ అప్పుడప్పుడే ఒకరి మూలుగను ఇంకొకరికి ఎక్కించడం మొదలుపెట్టారు. నా రక్తం కలవలేదు, వాళ్ళమ్మది కలవలేదు. పెద్దకూతురిది కలిసింది. ఆ బిడ్డ నడుమెముకలోంచి తీసిన మూలుగ దానిమ్మరసం రంగులో ఒక సంచిలో వేలాడింది. చెల్లెలు కళ్ళు మూసుకుని ఉంది. చుక్కా చుక్కా దిగుతుంటే అక్క తన నడుం నొప్పి మరిచిపోయి, "నాయనా, దానికి నా మాదిరే కోపం వస్తాదా ఇంగ?" అని అడిగింది.

తరువాతి వారాలు నాకు కలలాగానే గుర్తు. బిడ్డ అద్దం వెనక గదిలో. మేము ఇవతల. పెదాలు కదిలేవి, మాట వినబడేది కాదు. నీళ్ళ అడుగున ఉన్న చేపను చూస్తున్నట్టుండేది. జుట్టంతా ఊడిపోయిన ఆ గుండ్రటి తల అద్దానికి ఆనించి నిలబడితే, ఇవతల నేను అరచెయ్యి పెట్టేవాణ్ణి. అద్దం చల్లగా ఉండేది. అక్కడే మొక్కుకున్నాను: ప్రభువా, దీన్ని ఇంటికి పంపించు. సంఘమంతటినీ పిలుస్తాను. ప్రతి ఒక్కరి చెయ్యీ దీని తల మీద పెట్టించి నీకు స్తోత్రం చెప్పిస్తాను.

ఇంటికి పంపే రోజు ఖాలమ్మ మాతో వచ్చింది. "మీరిద్దరూ ఏడుస్తా ఉంటారు, చెప్పింది ఎవురు వింటారు?" అని నోటుపుస్తకం, పెన్సిలు తెచ్చుకుంది. డాక్టరు మెల్లగా మాట్లాడే తమిళాయన. తెలుగు వచ్చు.

"తెల్లకణాలు వచ్చేశాయి. మంచి వార్త. కానీ అవన్నీ పసివి. వాటికి ఏ జబ్బు మొహమూ తెలియదు. జబ్బుతో పోట్లాడే పదార్థం రక్తంలో తయారు కావాలి. అది ఆలస్యం. ఏడాది పట్టొచ్చు, రెండేళ్ళు పట్టొచ్చు."

ఖాలమ్మ అడిగింది. "ఈ పాపకు మూడేళ్ళప్పుడు తట్టు వచ్చింది సార్. నేనే సూసినా. ఇంగ తట్టు రాదు గదా?"

"అది పాత రక్తానికి వచ్చిందమ్మా. ఆ రక్తం ఇప్పుడు లేదు."

"టీకాలన్నీ నా చేత్తోనే వేసినా."

"అవీ లేనట్టే."

ఆమె పెన్సిలు ఆగింది. "అంటే... ఒళ్ళు మరిచిపోయిందా సార్?"

"మరిచిపోయింది. మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి. నేర్చుకునేదాకా మనుషుల మధ్యకు పంపొద్దు. ముఖ్యంగా పిల్లల మధ్యకు."

ఒళ్ళు మళ్ళీ నేర్చుకుంటే బిడ్డ మళ్ళీ మనుషుల్లోకి వస్తుంది. నేర్చుకోకపోతే రాదు. ఆ రెండేళ్ళూ మా ఇంట్లో అందరి ఊపిరీ ఆ ఒక్క దారానికే వేలాడింది.

తిరుగు ప్రయాణంలో సరిహద్దు చెక్‌పోస్టు దాటేదాకా ఖాలమ్మ నోరు విప్పలేదు. తరువాత కిటికీ వైపు చూస్తూ, "ముప్పై ఏళ్ళు ఇంటింటికీ పోయి ఒక అబద్ధం చెప్పినానే పాస్టరప్పా," అంది. నవ్వబోయింది, రాలేదు.

నేను మాత్రం వెలిగిపోతున్నాను. పాత రక్తం పోయింది, కొత్త రక్తం వచ్చింది! మళ్ళీ పుట్టాలి, మళ్ళీ పుట్టాలి అని నేను అరిచిందంతా నా ఒడిలోనే నిజమై కూర్చుంది! ఆ మాటే ఆమెతో అన్నాను.

"పుట్టింది గదా," అంది ఖాలమ్మ. "పుట్టి ఉంటే పుట్టిన బిడ్డను సూసినట్టు సూడల్ల. పురిటిబిడ్డను ఎవురైనా సంతలో తిప్పుతారా?"

నాకు ఎక్కలేదు. చదువుతున్న అన్నలారా, అక్కలారా, ఆ పూట బాడుగ కారులో నా ఒడిలో నిద్రపోతున్నది నాకు కూతురిలా కనబడలేదు. ప్రసంగానికి దొరికిన ఉదాహరణలా కనబడింది.

మర్నాడు పొద్దున గేటు తీయబోతే దానికి పెద్ద వేపమండ కట్టి ఉంది. పచ్చటి ఆకు, పైన పసుపు. ఎదురుగా అరుగు మీద ఖాలమ్మ చాయ్ తాగుతోంది.

"ఖాలమ్మా, ఏంది ఇది?"

"కనబడలే? వేపమండ."

"మా ఇంట్లో ఎవురికీ అమ్మ పోయలేదే."

"పోయకుండా ఉండేదానికే కట్టినా."

"నువ్వు నమాజు చేసే దానివి, నేను వాక్యం చెప్పేవాణ్ణి. మనిద్దరికీ మధ్యలో ఈ ఆకేంది? సంఘం సూస్తే నన్నేమంటాది?"

"అననీలే. బిడ్డకు బాగలేదు, లోపలికి రావొద్దని బోర్డు పెడితే ఈ వీధిలో సదివే వాళ్ళు ఎంతమంది? సదివినా, 'మేము పరాయివాళ్ళమా' అని లోపలికొచ్చి పలకరించి పోతారు. ఈ ఆకును సదవలేని మనిషి మాత్రం ఈ జిల్లాలో లేడప్పా."

నిజమే. పాలావిడ గేటు దగ్గరే చెంబు పెట్టి పోవడం మొదలుపెట్టింది. కూరగాయల తట్ట ఎదురు గోడ వారగా పోయేది. మా బంధువులు కూడా మండను చూసి చెప్పులు తిప్పుకుని వెళ్ళిపోయారు. పెద్దకూతుర్ని అమ్మమ్మ ఇంట్లో ఉంచి బడికి పంపాము. లోపల బిడ్డకు కాచిన నీళ్ళు, ఉడికించిన కూడు, కోసిపెట్టిన పండు నిషేధం, పూలు నిషేధం. ఖాలమ్మ వచ్చినప్పుడు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, మూతికి గుడ్డ కట్టుకుని, బిడ్డకు దూరంగా కూర్చుని, తాను నడిచిన పల్లెల కథలు చెప్పేది. బిడ్డ కిటికీలోంచి ఆకాశంలో పోయే గద్దను చూస్తూ వినేది. మధ్యాహ్నం వేడిగాలికి ఆ మండ ఆకులు గలగలమనేవి. ఇల్లంతా నీళ్ళ మీద తేలుతున్నట్టుండేది.

నా మొక్కు నాలో కాలుతూనే ఉంది. సంఘపెద్దలు ఊరుకోలేదు. "ఏం బ్రదర్, దేవుడు బాగుచేసిన బిడ్డను వేపాకు వెనకాల దాచినావంట? రేపు జాతరకు కూడా వస్తావా ఏంది?" అని ఎగతాళి చేశారు. నాకు రోషం పొడుచుకొచ్చింది. మీకు తెలుసు, నాకు రోషం వస్తే దాన్ని భక్తి అనుకుంటాను.

ఖాలమ్మ స్నానాలగదిలో జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. పుత్తూరులో కట్టు కట్టించుకుంది. ఒక ఆదివారం కట్టు మార్పించుకోవడానికి మళ్ళీ పుత్తూరు బస్సెక్కుతూ, "నేను వచ్చేదాకా గేటు తియ్యాకు," అని చెప్పి పోయింది. ఆమె బస్సు కదలగానే నేను సంఘానికి కబురు పెట్టాను.

నా భార్య గేటుకు అడ్డం వచ్చింది. "వొద్దు. ఖాలమ్మ వొద్దని చెప్పి పోయింది గదా."

"నీ నమ్మకం ఖాలమ్మ మీదనా, దేవుని మీదనా?" అని అరిచాను.

ఆమె పక్కకు జరిగింది. ఆ జరగడం నాకు ఇప్పటికీ కనబడుతుంది. నేను మండను పీకి కాలవలో పారేశాను. నలభై మంది లోపలికి వచ్చారు. పాటలు, తప్పెట, కన్నీళ్ళు. నా బిడ్డను మధ్యలో పీట మీద కూర్చోబెట్టాము. అప్పుడే మొలుస్తున్న జుట్టు మీద ఒక్కొక్కరే చెయ్యి పెట్టారు. ఎంత ప్రేమగా పెట్టారో! ఒకావిడ తన పసిబిడ్డను తెచ్చి, "ఈ దీవెన వీడికీ తగలనీ," అని నా కూతురి ఒళ్ళో కూర్చోబెట్టింది. వాడికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముక్కు కారుతోంది. నా కూతురు వాడి ముక్కు తన పావడాతో తుడిచింది. ఎన్నో నెలల తరువాత మొదటిసారి ఇంకో మనిషిని తాకింది. ఎంత నవ్వింది ఆ బిడ్డ!

మధ్యాహ్నానికి ఖాలమ్మ వచ్చింది. గేటు బార్లా తెరిచి ఉంది. ఆమె లోపలికి రాగానే పాట ఆగిపోయింది. నేరుగా ఆ పసివాడి దగ్గరకు పోయి, దవడలు నొక్కి నోరు తెరిపించి, కిటికీ వెలుగులోకి తిప్పి చెంప లోపలి భాగం చూసింది.

"పాస్టరప్పా, ఈడికి రా. సూడు. లోపల ఎర్రగా ఉండేదాని మీద రవ్వ చల్లినట్టు తెల్లగా కనబడతా ఉండాదా?"

"కనబడతా ఉండాది."

"తట్టు. ఇంగో రెండు దినాల్లో ఒళ్ళంతా లేస్తాది. ఎంతసేపు ఉండాడు పాప ఒళ్ళో?"

నా కూతురే చెప్పింది. "పాట మొదలైనప్పటి నుంచి, ఖాలమ్మా. పాపం, జలుబు వానికి."

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "అందరూ పోండమ్మా, దండం పెడతా," అంది. వాళ్ళింటికి పోయి, టీకామందు చల్లగా మోసుకుపోయే పాత ఫ్లాస్కు తీసుకొచ్చింది. సోడా అంగట్లో ఐసు కొట్టించింది. నేనూ వస్తానన్నాను. "నువ్వు బిడ్డ కాడ ఉండు. నీ అరుపు ఆ పెద్దాస్పత్రిలో పనికిరాదు," అంది. విరిగిన చెయ్యి మెడకు వేలాడుతుండగా, బాగున్న చేత్తో ఫ్లాస్కు పట్టుకుని బస్సెక్కింది. ఫ్లాస్కు మూత బిగిసిందో లేదో చూడటానికి దాన్ని చెంపకు ఆనించుకోవడం ఆమె అలవాటు. కదిలే బస్సు కిటికీలో ఆమె అలాగే, బిడ్డను చెంపకు ఆనించుకున్నట్టు, ఆనించుకుని కనబడింది.

దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చింది. ఐసులో చిన్న సీసా, డాక్టరు చీటీ. ఒంటిచేత్తో సూది ఎక్కించడం కుదరక, సీసాను నన్ను పట్టుకోమంది. రెండు వేళ్ళతో పట్టుకున్నాను.

"గట్టిగా పట్టుకో. ఇది యాడిదో తెలుసునా?"

"మందు గదా."

"మనుషులది. తట్టు వచ్చి పోయిన వాళ్ళ రక్తంలో నుంచి తీసింది. ఎంతమందిదో! వాళ్ళ ఒళ్ళు ఆ దొంగను సూసి పెట్టుకుంది. పాప ఒంటికి ఇంగా కళ్ళు రాలే. అందుకని వాళ్ళ కళ్ళు కొన్నాళ్ళు పాపకు పెడతాండాము. తరువాత అవి కరిగిపోతాయి. సొంత కళ్ళు వచ్చేదాకా అంతే."

నేను రక్తాన్ని గురించి బోధించని దినం లేదు. ఆ సాయంత్రం చేతిలో ఉన్న సీసాను దీపం ముందు పట్టుకున్నప్పుడు తెలిసింది, నేను దాని గురించి ఎంత తక్కువ ఎరుగుదునో. ఏ ఊరివాళ్ళో, ఏ కులమో, ఎవరికి మొక్కేవాళ్ళో. వాళ్ళు ఎప్పుడో చిన్నప్పుడు పడిన జ్వరాలు, వాళ్ళ తల్లులు తడిగుడ్డతో కూర్చున్న పగళ్ళు, అవన్నీ ఆ లేత పసుపు నీళ్ళలో ఉన్నాయి. నా మొక్కు కోసం నలభై మంది చేతులు పెట్టించాను. ఆ సీసాలో ఎన్ని చేతులున్నాయో లెక్క లేదు. ఏ ఒక్కటీ కనబడదు.

తరువాత రెండు వారాలు. ఖాలమ్మ రోజూ పొద్దున టార్చిలైటు, చెంచా పట్టుకుని వచ్చేది. "ఆ అను బేటీ." బిడ్డ ఆ అనేది. చెంప లోపల చూసి, "ఏమీ లే," అనేది. ఆ రెండు మాటలతో మాకు ఆ రోజుకు సరిపడా ఊపిరి అందేది. నేను ఇంట్లో మోకాళ్ళ మీద, ఆమె ఎదురింట్లో చాప మీద. మధ్యలో వీధి. అప్పుడప్పుడు నేను కళ్ళు తెరిచేసరికి ఆమె తల నేలకు ఆనించి ఉండేది. ఇద్దరమూ ఒకే బిడ్డ పేరు చెప్తున్నామని ఇద్దరికీ తెలుసు.

పదో రోజు జ్వరం వచ్చింది. ఖాలమ్మ ఆ పగలంతా మా వంటింటి గడప మీద కూర్చుంది. అన్నం వద్దంది. సాయంత్రానికి చెమట పట్టి జ్వరం దిగింది. మర్నాడూ లేదు, ఆ మర్నాడూ లేదు. తట్టు లేవలేదు. ఆ పసివాడికి లేచి, తగ్గి, వాడు మళ్ళీ ఆడుకుంటున్నాడని కబురొచ్చింది. అప్పుడు ఖాలమ్మ మా వంటింట్లోనే కూర్చుని నిదానంగా ఒక ముద్ద తిని, "ఉప్పు లేదే దీంట్లో," అంది. నా భార్య ఏడ్చేసింది.

ఆ రోజే నేను చెట్టెక్కి వేపమండ విరిచి నా చేత్తోనే గేటుకు కట్టాను. ఆ తరువాతి ఆదివారం సంఘం ముందు నిలబడి, ఏ గొంతుతో నా భార్య మీద అరిచానో అదే గొంతుతో నా తప్పు చెప్పాను. కొందరు లేచిపోయారు. పోనీ.

నేను మండ పీకిన ఆ ఆదివారం సంగతి ఖాలమ్మ తరువాత ఒక్కసారే ఎత్తింది. "నువ్వు తప్పు చేసినావు గదా పాస్టరప్పా, ఇంగ నీకంటే బాగా కాపలా కాసేవాడు నాకు దొరకడు," అని.

ఏడాది గడిచాక డాక్టరు టీకాలు మొదలుపెట్టమన్నాడు. మునిసిపల్ ఆసుపత్రిలో చంకబిడ్డల వరస. దాంట్లో లంగాజాకెట్టు వేసుకుని, ఒత్తైన కొత్త జుట్టుతో నా కూతురు. ముందూ వెనకా అందరినీ దూరం జరిపి ఖాలమ్మ.

ఒక తల్లి నవ్వు ఆపుకోలేక, "ఎన్ని నెలలు పెద్దమ్మా మీ బిడ్డకు?" అంది.

"పద్నాలుగు," అంది ఖాలమ్మ తొణక్కుండా. "కొంచెం ఏపుగా పెరిగింది."

నా కూతురు సిగ్గుతో తల వంచుకుని, పళ్ళు కనబడేలా నవ్వింది.

సూదికి ముందు ఒకసారి, నెల తరువాత ఒకసారి రక్తం తీసి అదే ఫ్లాస్కులో పెద్దాసుపత్రికి మోసుకుపోయింది. జబ్బుతో పోట్లాడే పదార్థం సూదికి ముందు ఎంతుందో, తరువాత ఎంతుందో చూపించడానికి డాక్టరు కాగితం మీద రెండు గీతలు గీశాడు. మొదటిది పొట్టిది, రెండోది పొడుగుది.

"ఇది ఎవురిది సార్? ఆ సీసాలోదా, పాప సొంతమా?"

"సీసాలోది ఎప్పుడో కరిగిపోయిందమ్మా. ఇది సొంతం. సూదిని చూసి పాప ఒళ్ళే తయారుచేసింది."

ఆ రోజు తిరుగు ప్రయాణంలో ఆమె చిత్తూరు వచ్చేదాకా మాట్లాడుతూనే ఉంది. బస్సులో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆయనకు కూడా చెప్పింది: "ఒళ్ళు మరిచిపోతాదప్పా. మరిచిపోయినా మళ్ళీ నేర్చుకుంటాది. నేను సగమే చెప్తా ఉన్నా ఇన్నాళ్ళూ." రెండేళ్ళు నిండాక తట్టు టీకా కూడా పడింది. మండ తీసేశాము. బడికి పంపమన్నారు.

అయితే మేము అనుకోనిది ఒకటి జరిగింది. ఒళ్ళు నేర్చుకుంది గానీ, ఆ రెండేళ్ళలో బిడ్డ ఇంకొకటి కూడా నేర్చుకుంది. ఎవరైనా దగ్గితే గోడకు అతుక్కునేది. బడిలో చివరి బల్ల మీద ఒంటరిగా కూర్చునేది. పెళ్ళికి పిలిస్తే తలనొప్పి అనేది. పసిపిల్లలు ఎదురొస్తే దారి మార్చేది. ఆరోజు పావడాతో ముక్కు తుడిచిన బిడ్డేనా అనిపించేది. డాక్టరు అంతా బాగుందన్నాడు. కాగితాలు బాగున్నాయి. బిడ్డ మాత్రం ఇంకా అద్దం అవతలే ఉంది.

ఖాలమ్మకు ఇది పెద్ద బెంగ అయిపోయింది. పోయిన నెల, మంచం పట్టాక, నన్ను పిలిచి చెప్పింది. ఊపిరి అందడం లేదు, మాట మాటకూ ఆగుతోంది.

"గేటుకు కట్టింది తీసేసినాము గానీ పాస్టరప్పా, బిడ్డ లోపల ఇంగొకటి కట్టేసినా నేను. పదే పదే చెప్పి, పదే పదే చెప్పి. దూరం, దూరం, దూరం అని. అది నేను కట్టిందే. నేనే విప్పల్ల. టైము లేదు."

"నువ్వు కట్టకపోతే బిడ్డే లేదు ఖాలమ్మా."

"అది సరేలే. ఉండి, మనుషుల్లో లేకపోతే ఎట్లా? ఒక్కతే బతికేదానికా నేను అంత దూరం ఐసు మోసింది?"

నేను వాక్యంలోంచి ఏదో ఒక ఓదార్పు తీయబోయాను. ఆమె చెయ్యెత్తి ఆపింది. "నీ పుస్తకం ముయ్యప్పా కాసేపు. నా కాడ కూర్చో." కూర్చున్నాను. కిటికీలోంచి ఎండ ఆమె దుప్పటి మీద పడి, నెమ్మదిగా జరిగి, గోడెక్కింది. ఆ మధ్యాహ్నం మేమిద్దరమూ ఏమీ మాట్లాడుకోలేదు. నా జీవితంలో నేను చేసిన మంచి ప్రార్థన అదేనేమో.

శుక్రవారం ఆమె ఇల్లు నిండిపోయింది. భుజం మీద మచ్చ ఉన్న ప్రతి మనిషీ వచ్చాడనిపించింది. పల్లెల నుంచి ముసలివాళ్ళు, చంకల్లో బిడ్డలతో తల్లులు, టోపీలు, బొట్లు. పెరట్లో గుడ్డలు అడ్డం కట్టి ఆడవాళ్ళు ఆమెకు స్నానం చేయిస్తున్నారు. సాంబ్రాణి పొగ వీధి మీదికి మెల్లగా పరుచుకుంటోంది. ఆ పొగలో మనుషులు నీడల్లా కదులుతున్నారు. నేను మగవాళ్ళతో వీధిలో బెంచీ మీద కూర్చున్నాను. నా కూతురు మా వసారాలో స్తంభం పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పటిలాగే దూరంగా, చూస్తూ.

నేను తల దించుకున్నాను. మళ్ళీ ఎత్తేసరికి స్తంభం దగ్గర లేదు.

లోపలికి పోయిందనుకున్నాను. అంతలో ఎదురింటి గుమ్మంలో కనబడింది. ఆడవాళ్ళు భుజం భుజం ఒరుసుకుంటున్న చోట, ఒకామె ఒళ్ళో బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. తల్లి స్నానం దగ్గరకు పోవాలి. ఎవరికివ్వాలో తెలియక నాలుగు దిక్కులూ చూస్తోంది. నా కూతురు రెండు చేతులూ చాచింది.

వాడు దగ్గుతున్నాడు. ఇవతలికి వినబడుతోంది. నా ఒళ్ళు బెంచీ మీదినుంచి దానంతట అదే లేచింది. ఒక అడుగు కూడా వేశాను. తరువాత ఆగి, మళ్ళీ కూర్చున్నాను.

నా కూతురు ఆ గుంపు మధ్యలోనే గడప మీద కూలబడి వాణ్ణి భుజానికి వేసుకుంది. చుట్టూ చీరలు, మోకాళ్ళు, ఏడుపులు, ఎవరెవరి ఊపిర్లో. వాడు రెండుసార్లు దాని మెడ మీద దగ్గి, ముక్కు దాని జడకు రుద్దుకుని, కళ్ళు మూశాడు. అది కదలలేదు. సాంబ్రాణి పొగ వాళ్ళిద్దరి మీదుగా పోతోంది. వాడి వీపు మీద దాని చెయ్యి పైకి లేస్తోంది, దిగుతోంది, వాడి ఊపిరితో పాటే.